ఇల్లు అమ్ముతున్నారా? మూగజీవాల మాట ముందే తేల్చుకోండి

'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అన్నారు పెద్దలు. ఇల్లు అమ్మి చూడు అని మాత్రం వారు అనలేదు. తాత కట్టిన ఇంట్లోనే మనవడు కాపురముండే రోజులవి. ఇప్పుడు ఆ పరిస్థితి లేదు. పిల్లలు బెంగుళూరులోనో, చెన్నైలోనో ఉద్యోగాల్లో కుదురుకుంటున్నారు. ఊళ్ళో ఒంటరిగా ఉండలేక పెద్దవాళ్ళు ఇల్లు అమ్మకానికి పెడుతున్నారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో ఇది మామూలైపోయింది.

అమ్మకం అనగానే అందరూ ధర గురించి, దస్తావేజుల గురించి, ఇ.సి. గురించి, రిజిస్ట్రేషను ఖర్చు గురించి ఆలోచిస్తారు. వాకిట్లో కట్టేసిన కుక్క, కొట్టంలో ఆవు, పెరట్లో కోళ్ళు, అటక మీద పిల్లి ఎవరి లెక్కలోకీ రావు. తీరా ఇల్లు చూడడానికి మనుషులు వాకిట్లోకి వచ్చాక గాని వాటి సంగతి గుర్తుకు రాదు.

మధ్యవర్తి ముందు నడుస్తాడు. వెనుక కొనుగోలుదారు, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు. వాకిట్లో కుక్క గొలుసు తెంచుకునేలా మొరుగుతుంది. పిల్లలు తల్లి చీర పట్టుకుని ఏడుస్తారు. ఇంటాయన అరుగు మీద నుంచే 'ఏమీ చేయదు, రండి సార్' అంటాడు. వచ్చినవారు భయం భయంగా పడసాల వరకు వచ్చి, వంటిల్లు చూడకుండానే వెనక్కి తిరుగుతారు. ఇల్లు నచ్చలేదని మధ్యవర్తి మరునాడు కబురు చెబుతాడు. నిజానికి వారు ఇల్లు చూసిందెక్కడ?

'ఏమీ చేయదు' అనకండి

బేరం చెడితే మరో బేరం వస్తుంది. కాటు పడితే మాత్రం అది అంతటితో పోదు. రోజూ అన్నం పెట్టే యజమాని చేతిని నాకే కుక్కే, కొత్త మనిషి గడప దాటితే ఇంటికి కాపలాదారు అవుతుంది. దాని దృష్టిలో ఇల్లు కొనడానికి వచ్చినవాడికి, దొంగకు తేడా లేదు. అందునా గొలుసుతో కట్టి ఉన్న కుక్కకు పారిపోయే దారి ఉండదు కనుక, భయం వేస్తే అది కరవడానికే చూస్తుంది. దాని కళ్ళలోకి తేరిపార చూడడం, పిల్లలు దగ్గరగా పరుగెత్తడం, అన్నం తింటున్నప్పుడు పక్కనుంచి నడవడం మరీ ప్రమాదం.

పిచ్చికుక్క కాటు వ్యాధి, అంటే రేబిస్, లక్షణాలు పైకి కనిపించాయంటే ఇక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. కాటు పడిన వెంటనే జాగ్రత్త పడితే మాత్రం దాన్ని పూర్తిగా నివారించవచ్చు. గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాల పాటు కడగాలి. కారం, సున్నం, పసుపు, ఆకు పసర్లు పెట్టకూడదు. ఆలస్యం చేయకుండా ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాలి. అక్కడ టీకా ఉచితం. గాయం లోతుగా ఉంటే టీకాతో పాటు గాయంలో, దాని చుట్టూ వేసే మరో మందు కూడా అవసరమవుతుంది. డాక్టరు చెప్పిన తేదీలన్నింటికీ వెళ్ళాలి. ఒక సూది వేయించుకుని ఊరుకుంటే చాలదు. పిల్లి గీరినా, కరిచినా ఇదే జాగ్రత్త.

రేబిస్ టీకాను మొట్టమొదట 1885 జులై 6న ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ ఒక బాలుడికి వేయించారు. ఏటా ఆ రోజున మన పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేయడం ఆనవాయితీ. కుక్కపిల్లకు మూడో నెలలో మొదటి టీకా వేయించి, ఆ తరువాత ఏటా వేయిస్తూ ఉండాలి. ఇల్లు అమ్మకానికి పెట్టేవారు ఆ టీకా చీటీని దస్తావేజులతో పాటే పెట్టుకోవడం మంచిది. అడిగినప్పుడు చూపిస్తే వచ్చినవారికి సగం భయం పోతుంది.

చట్టం కూడా ఊరుకోదు. పెంచుకునే జంతువు వల్ల మనుషులకు ప్రమాదం కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు, ఐదు వేల రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

అలాగని కుక్కను రేకుల గదిలో వేసి తలుపు మూయకూడదు. ఎండాకాలంలో అది ప్రాణం మీదికి తెస్తుంది. పైగా లోపలి నుంచి అది ఏడుస్తుంటే వచ్చినవారికి ఇల్లు చూడబుద్ధి కాదు. ఇంట్లో ఒకరు దాన్ని తీసుకుని చెరువు గట్టు దాకా తిప్పుకు రావచ్చు. లేదా దానికి అలవాటైన పొరుగింటి పెరట్లో నీడన కట్టి, నీళ్ళు పెట్టవచ్చు. మనుషులు వచ్చాక కాదు, రావడానికి అరగంట ముందే ఈ పని చేయాలి. తాళం చెవి మధ్యవర్తికి ఇచ్చి యజమాని ఊరికి వెళ్ళినప్పుడు ఇంట్లో కుక్కను వదలరాదు. అది ఎవరినైనా కరవవచ్చు, తెరిచిన గేటులోంచి పారిపోనూ వచ్చు.

పుంగనూరు ఆవు ఉంటే

పుంగనూరు వైపు మరో చిక్కు ఉంది. ఇక్కడి పొట్టి ఆవు పేరు ఇప్పుడు దేశమంతటా తెలుసు. ఎదిగిన ఆవు ఎత్తు సుమారు 70 నుంచి 90 సెంటీమీటర్లు, అంటే మూడు అడుగుల లోపే. పాలు కొద్దిగా ఇచ్చినా వెన్న శాతం ఎక్కువ. అంతరించిపోయే దశకు వచ్చిన ఈ జాతిని పలమనేరులోని పశు పరిశోధన కేంద్రంలో కాపాడుతూ వచ్చారు. 2024 సంక్రాంతికి ప్రధాని నరేంద్ర మోదీ తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత పెడుతున్న ఫోటోలు వచ్చిన తరువాత వీటికి గిరాకీ ఇంకా పెరిగింది.

కొత్త ఇంటి గృహప్రవేశానికి ఆవూదూడను ముందు నడిపించడం మన ఆచారం. ఇరుకు ఇళ్ళకు పొట్టి ఆవైతే అనువని చాలామంది దాన్నే కోరుకుంటారు. గృహప్రవేశానికి లక్ష్మిగా వచ్చిన ఆ ఆవే, ఇల్లు అమ్మే రోజున అడ్డమని అనిపిస్తుంది.

అడ్డం కాకుండా చూసుకోవడం కష్టమేమీ కాదు. ఇల్లు చూపించే వేళను పాలు పితికే వేళకు దూరంగా పెట్టుకోవాలి. కొత్త మనుషుల అలికిడికి బెదిరిన ఆవు పాలు చేపదు. బలవంతంగా పితకబోతే తంతుంది. ఉదయం పాలు తీసి, పేడ ఎత్తి, కొట్టం కడిగిన తరువాత, సాయంత్రం పాల వేళకు ముందు చూపిస్తే అందరికీ సుఖం. ఆవును మేతకు తోలిన సమయమైతే మరీ మంచిది. పొట్టిగా ఉంది కదా అని పిల్లలు మెడ పట్టుకోబోతారు, ఎక్కబోతారు. దూడ తల్లి దగ్గరికి పిల్లలను వెళ్ళనీయరాదు.

'ఇంటితో పాటు ఆవును కూడా ఇచ్చేయండి' అని బేరంలో అడిగేవారుంటారు. ఇంటి బేరం వేరు, ఆవు బేరం వేరు. మేత వేసే మనిషి, కట్టేసే చోటు వారికి ఉన్నాయో లేదో చూసుకుని గాని ఒప్పుకోకూడదు. ఇచ్చేటట్లయితే ధర విడిగా రాసుకుని, చెవి పోగు మీద ఉండే 12 అంకెల సంఖ్యను చీటీలో వేసి, పశువైద్యశాలలో యజమాని పేరు మార్పించుకోవాలి.

కుప్పం వైపు పట్టుపురుగులు

తమిళనాడు, కర్ణాటక సరిహద్దున ఉన్న కుప్పం వైపు మల్బరీ తోటలున్న ఇళ్ళలో మరో జీవం ఉంటుంది. అదే పట్టుపురుగు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ముద్దు చేయరు గాని, ఇంటిల్లిపాదీ రాత్రింబగళ్ళు కనిపెట్టుకుని ఉండేది దాన్నే. గుడ్డు పగిలింది మొదలు గూడు కట్టే వరకు సుమారు నాలుగు వారాలు. ఆ మధ్య పురుగు నాలుగుసార్లు జ్వరానికి కూర్చుంటుంది.

పంట నడుస్తున్న గదిలోకి బయటివారిని తీసుకుపోవడం నష్టాన్ని పిలిచి పీట వేయడమే. చెప్పులతో, చేతులతో రోగం లోపలికి వస్తుంది. తలుపు తెరిచి ఉంచితే ఊజీ ఈగ దూరుతుంది. బీడీ పొగ, అత్తరు వాసన, అగరుబత్తి పొగ పురుగుకు పడవు. కనుక గూళ్ళు విడిపించి, గది కడిగి, బ్లీచింగు చల్లిన తరువాతే ఇల్లు చూపించాలి. కొనేవారు అంతవరకు ఆగలేమంటే గదిని కిటికీలోంచి చూపించి, కొలతలు కాగితం మీద ఇవ్వాలి. నెల రోజుల కష్టం కంటే ఒక పూట మర్యాద పెద్దది కాదు.

దాచితే దాగదు

మదనపల్లె నీరుగట్టువారిపల్లె వంటి మగ్గాల వీధుల్లోనైనా, పల్లెటూరి మిద్దెల్లోనైనా ఎలుకల కోసం పిల్లిని చేరదీయడం ఉన్నదే. అలవాటైపోయి ఇంటివారికి తెలియదు గాని, కొత్తగా వచ్చినవారికి పిల్లి మూత్రం వాసన గడపలోనే తెలుస్తుంది. అగరుబత్తులు వెలిగించి దాన్ని కప్పిపుచ్చాలని చూస్తే ఏదో దాస్తున్నారన్న అనుమానం కలుగుతుంది. గదులు కడిగి, సున్నం వేసి, కిటికీలు తెరిచి పెట్టడమే ఉపాయం. కోళ్ళను ఆ పూట గంప కింద మూసి, వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లితే ఇంటికి కళ వస్తుంది.

మరో సంగతి చెప్పి తీరాలి. కుక్కల, పశువుల ఒంటి మీది పిడుదులు గోడ పగుళ్ళలో దాక్కుని, తిండి లేకుండా నెలల తరబడి బతుకుతాయి. పాత యజమాని వెళ్ళిపోయాక కొత్తగా వచ్చినవారి పిల్లలను, పశువులను పడతాయి. పశువైద్యుని అడిగి తగిన మందు కొట్టించి, పగుళ్ళు పూడ్చి ఇల్లు అప్పగించడం అమ్మేవారి ధర్మం. కొనేవారు కూడా సిగ్గుపడకుండా అడగాలి. కొట్టం, గాడి, దిబ్బ, గడ్డివామి అమ్మకంలో చేరినవా కావా, వాటిని ఎప్పటిలోగా ఖాళీ చేస్తారు అన్నది ఒప్పంద పత్రంలో రాయించుకుంటే తరువాత తగాదా ఉండదు.

తాళం వేశాక

అన్నిటికంటే బాధాకరమైనది చివరిది. సామాను లారీకి ఎక్కుతుంది. మనుషులు బస్సెక్కుతారు. బెంగుళూరులో అద్దె ఇంటివారు కుక్కను ఒప్పుకోరని దాన్ని గడప ముందే వదిలేస్తారు. 'ఊళ్ళో ఎవరో ఒకరు ఇంత ముద్ద పెట్టకపోతారా' అనుకుంటారు. అది ఆ గడప ముందే పడుకుంటుంది. కొత్తగా వచ్చినవారు కర్రతో తరుముతారు. మళ్ళీ వస్తుంది. ఆకలికి, దెబ్బలకు అది కరిచే కుక్కగా మారితే తప్పు ఎవరిది?

ఆకలి దప్పులతో అలమటించేలా పెంపుడు జంతువును కారణం లేకుండా వదిలివేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. చట్టం మాట అటుంచితే, పదేళ్ళు వాకిలి కాచినదానికి ఇది న్యాయం కాదు. ఇల్లు అమ్మాలని అనుకున్న రోజే దాన్ని ఎవరు తీసుకుంటారో వెతకాలి. తీసుకునేవారి ఇంటికి అమ్మకానికి ముందే నాలుగైదు సార్లు తీసుకువెళ్ళి, అక్కడ వారి చేతి ముద్ద తినిపించి అలవాటు చేయాలి. వెంట తీసుకువెళ్ళే పిల్లినైతే కొత్త ఇంట్లో రెండు మూడు వారాలు గదిలోనే ఉంచాలి. లేకుంటే పాత ఇంటిని వెతుక్కుంటూ దారి తప్పుతుంది. తరలించేటప్పుడు పశువుకు ఏదైనా అయితే 1962 నంబరుకు ఫోను చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవవచ్చు.

ఇల్లు కొనేవారు గోడలను, తలుపులను, బావిని చూస్తారు. అమ్మేవారు ఎలాంటివారో మాత్రం వాకిట్లోని మూగజీవాన్ని చూసి తెలుసుకుంటారు. నీళ్ళు తాగి నీడన పడుకున్న కుక్క, కడిగిన కొట్టంలో నెమరు వేస్తున్న ఆవు ఉన్న ఇంటిని చూస్తే, ఈ ఇంటివారు మాట మీద నిలబడేవారే అన్న నమ్మకం కలుగుతుంది. ఆ నమ్మకం మీదే బయానా చేతులు మారుతుంది.

దస్తావేజులో మూగజీవాలకు సంతకం పెట్టే చోటు లేదు. వాటి తరఫున ఆలోచించవలసింది సంతకం పెట్టేవారే.