అలను బట్టి తోక

1937లో హోనొలులులో కొందరు కుర్రాళ్లు పెద్ద అలలు లేచిన ఒక రోజున సముద్రంలోకి వెళ్లి, విసిగిపోయి ఒడ్డుకొచ్చారు. అప్పటి సర్ఫ్‌బోర్డులు బరువైన చెక్కవి. వెనక భాగం వెడల్పుగా, మొండిగా ఉండేది. అడుగున ఫిన్ (నీళ్లలోకి దిగి బోర్డును నిలకడగా ఉంచే రెక్క) ఉండేది కాదు. అల నిటారుగా లేచేసరికి బోర్డు వెనక భాగం పక్కకు జారిపోయేది, మనిషి నీళ్లలో పడేవాడు. వాళ్లలో జాన్ కెల్లీ, ఫ్రాన్ హీత్ గొడ్డలి తీసుకుని ఒక బోర్డు తోకను రెండు వైపులా చెక్కేశారు. వెడల్పు తగ్గించి, అడుగు మధ్యలో గట్టులా కొస తేలేలా చెక్కారు. మళ్లీ నీళ్లలోకి తీసుకెళ్తే ఆ బోర్డు జారకుండా అలను పట్టుకుంది. వాలీ ఫ్రాయ్‌సెత్ కూడా వాళ్లతో కలిశాడు. అలాంటి బోర్డులకు 'హాట్ కర్ల్' అని పేరొచ్చింది. మకాహా తీరంలో అంతకుముందు ఎవరూ సాహసించని అలల మీద వాళ్లు వాటితోనే నిలబడ్డారు.

దుకాణంలో వరసగా నిలబెట్టిన బోర్డుల్లో మన కళ్లు ముందు రంగును చూస్తాయి, తర్వాత పొడవును. చివర ఉన్న ఆ పది, పదిహేను అంగుళాలను అలంకారమనుకుని వదిలేస్తాం. బోర్డు నడవడిలో సగం అక్కడే తేలుతుందని నా నమ్మకం. నీరు బోర్డును వదిలిపోయేది తోక దగ్గరే. నిలబడ్డవాడి వెనక కాలు ఉండేదీ, మలుపు పుట్టేదీ అక్కడే.

తోకలో చూడాల్సినవి రెండు. మొదటిది వెడల్పు. చివరి నుంచి పన్నెండు అంగుళాలు పైకి కొలిచి, అక్కడ అడ్డంగా టేపు పెడితే వచ్చేదే తోక వెడల్పు. తోక వెడల్పుగా ఉంటే నీరు దాన్ని బాగా పైకెత్తుతుంది. చిన్న, బలహీనమైన అల మీద ఈ ఎత్తుడే ప్రాణం. సన్నటి తోకైతే కాలి బరువుకు మునిగిపోయి బోర్డు ఆగిపోతుంది. అదే పెద్ద అల మీద లెక్క తిరగబడుతుంది. వేగం ఎక్కువయ్యేసరికి వెడల్పు తోకను నీరు అవసరానికి మించి ఎత్తేస్తుంది, అంచు అలలోంచి ఊడి వస్తుంది, బోర్డు జారుతుంది. హవాయి కుర్రాళ్లను పడేసింది ఇదే. అక్కడ సన్నటి తోక కావాలి. అది కాస్త మునిగి, అలను కరిచి పట్టుకుంటుంది.

రెండోది అంచు తిరిగే తీరు. వంటింట్లో కుళాయి ధారకు చెంచా వెనక వైపు ఆనించి చూడండి. నీరు ఆ వంపును అంటుకుని పక్కకు తిరుగుతుంది. గుండ్రటి తోక చుట్టూ నీరు చేసేదీ అదే. వంపును అంటుకుని వెళ్తుంది కాబట్టి పట్టు ఎక్కువ, మలుపు నిదానంగా, సాఫీగా సాగుతుంది. మూల ఉన్న తోక దగ్గర నీరు అంటుకుని తిరగలేదు, మూల రాగానే తెగిపోతుంది. అప్పుడు బోర్డు చటుక్కున దిశ మారుస్తుంది. మూలలు పదునుగా ఉంటే స్క్వేర్ టెయిల్, వాటిని కొంచెం నున్నగా చేస్తే స్క్వాష్ టెయిల్. నేడు పొట్టి బోర్డుల్లో ఎక్కువగా కనిపించేది ఈ స్క్వాష్ టెయిలే.

సూదిలా ముగిసే పిన్ టెయిల్ పెద్ద అలలది. 1957లో గ్రెగ్ నోల్ బృందం ఎక్కిన హవాయిలోని వైమియా బే అలలకు 'గన్' అనే పొడవాటి బోర్డులు రూపుదిద్దుకున్నాయి. వాటి గుర్తు ఈ సన్నటి తోకే. మన శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా వాళ్లు గుమ్మడికాయలు చూడ్డానికి వెళ్లే హాఫ్‌మూన్ బే పక్కనే ఉంది మావరిక్స్ అనే పెద్ద అలల చోటు. జెఫ్ క్లార్క్ 1975లో, పదిహేడేళ్ల వయసులో ఒంటరిగా అక్కడ అలనెక్కాడు. శీతాకాలంలో ఆ అల లేచిన రోజున అక్కడి బోర్డుల్లో ఎక్కువగా కనిపించేది ఆ సన్నటి తోకే.

రెండుగా చీలిన స్వాలో టెయిల్ కథ నాకు మరీ ఇష్టం. 1967లో శాన్‌డియాగో కుర్రాడు స్టీవ్ లిస్ మోకాళ్ల మీద కూర్చుని అలనెక్కడానికి పొట్టి బోర్డు ఒకటి చేశాడు. తోక చేప తోకలా చీలి ఉండేది, ఒక్కో కొసకు ఒక్కో ఫిన్. తోక మొత్తంగా వెడల్పు కాబట్టి చిన్న అల మీద పరుగెత్తుతుంది. ఒక పక్కకు వంగినప్పుడు ఆ పక్క కొస ఒక్కటే నీళ్లలోకి దిగి చిన్న పిన్ టెయిల్ పని చేస్తుంది. రెండు విరుద్ధమైన పనులు ఒకే తోకతో సాధించడం మామూలు తెలివి కాదు. 1972లో శాన్‌డియాగోలో జరిగిన ప్రపంచ పోటీల్లో జిమ్ బ్లేర్స్, డేవిడ్ నూహీవా 'ఫిష్' (చేప) అనే ఈ రకం బోర్డులతోనే మొదటి రెండు స్థానాలు గెలిచారు. 1979 నుంచి 1982 వరకు వరసగా నాలుగుసార్లు ప్రపంచ విజేత అయిన ఆస్ట్రేలియా ఆటగాడు మార్క్ రిచర్డ్స్‌కు పేరు తెచ్చినవీ రెండు ఫిన్ల స్వాలో టెయిల్ బోర్డులే.

అయితే తోక ఒంటరిగా పనిచేయదు. రెండు ఫిన్ల బోర్డు పెద్ద అల మీద తనకు కుదురుగా నిలవడం లేదని సైమన్ ఆండర్సన్ 1980లో మూడో ఫిన్ చేర్చాడు. మరుసటి ఏడాది ఆస్ట్రేలియాలోని బెల్స్ బీచ్ పోటీలో భారీ అలల మధ్య దానితోనే గెలిచాడు. పట్టు ఇచ్చే పనిని ఫిన్లు పంచుకున్నాయి, కాబట్టి తోక వెడల్పుగా ఉన్నా ఇబ్బంది లేకపోయింది. స్క్వాష్ టెయిల్ ఇంతగా పాతుకుపోవడానికి మూడు ఫిన్లే కారణమని నేనంటాను. తోక రెండు పక్కలా ఒకేలా ఉండాలనీ లేదు. లా హోయాకు చెందిన కార్ల్ ఎక్‌స్ట్రామ్ 1960లలోనే కుడి ఎడమలు వేరుగా ఉండే బోర్డులు చేశాడు. మడమ వైపు వంగడం, వేళ్ల వైపు వంగడం ఒకటి కావు కదా.

ఒలింపిక్స్ చూసినవాళ్లకు ఈ తేడా ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. టోక్యో క్రీడల సర్ఫింగ్ 2021లో త్సురిగసాకి ఇసుక తీరాన జరిగింది. పారిస్ క్రీడల సర్ఫింగ్‌కు 2024లో తహీతీలోని తెహుపో పగడపు దిబ్బ వేదికైంది. గొట్టంలా చుట్టుకునే ఆ బరువైన అల మీద గుండ్రంగా, సన్నగా ముగిసే తోకే నమ్మదగ్గది. ఇసుక తీరంలో విరిగే అల మీద అదే తోక మొద్దుబారిపోతుంది.

2018లో సర్ఫింగ్ కాలిఫోర్నియా అధికారిక రాష్ట్ర క్రీడ అయింది. మన పిల్లలూ ఇప్పుడు బోర్డు కావాలని అడుగుతున్నారు. తల్లిదండ్రులకు నా మనవి ఒకటే. పొడవు, ధర అడిగేముందు, మీ బిడ్డ ఏ తీరంలో, ఏ కాలంలో నీళ్లలోకి దిగుతుందో దుకాణదారుడికి చెప్పండి. పసిఫికాలోని లిండామార్ లాంటి చోట నేర్చుకునే బిడ్డకు పొడవాటి మెత్తటి ఫోమ్ బోర్డు, వెడల్పు తోక చాలు. సెలవులకు విశాఖ వెళ్లి రుషికొండలో అద్దెకు తీసుకున్నా లెక్క అదే. చూడ్డానికి బాగుందని పిన్ టెయిల్ కొనివ్వకండి. మొదట రెండు మూడు రకాలు అద్దెకు తెచ్చి, ఒకే రోజు, ఒకే తీరంలో మార్చి మార్చి ఎక్కనివ్వండి. ఆ తర్వాతే కొనండి.