ముందు క్రియాటినిన్, తర్వాతే స్కానింగ్

చిన్న పేగు పొడవు సుమారు 6 మీటర్లు. నోటి నుంచి వేసే ఎండోస్కోపీ గొట్టం దాని మొదటి భాగం వరకే చేరుతుంది. కింది నుంచి వేసే కొలనోస్కోపీ చివరి కొద్ది సెంటీమీటర్లే చూపిస్తుంది. మధ్యలో ఉన్న పుండు, ఇరుకు, రక్తస్రావం పట్టుకోవాలంటే వేరే పరీక్ష కావాలి. అది ఏదన్నది ఎక్కడైనా లక్షణాలను బట్టి తేలుతుంది. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలోని కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మనిషి విషయంలో మాత్రం కిడ్నీలను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

తిన్నాక కడుపులో మెలిపెట్టే నొప్పి, బరువు తగ్గడం ఉంటే మన దేశంలో ముందు అనుమానించేవి పేగు టీబీ, క్రోన్స్ వ్యాధి. అల్ట్రాసౌండ్‌తో మొదలుపెట్టడం మంచిదే. ఖర్చు తక్కువ, రేడియేషన్ లేదు. గ్యాస్ అడ్డొస్తే మాత్రం ఏమీ తెలియదు. ఆ తర్వాతది సీటీ ఎంటెరోగ్రఫీ. లీటరుకు పైగా ద్రవం తాగించి, నరంలోకి అయోడిన్ కాంట్రాస్ట్ ఎక్కించి తీస్తారు. ఉద్దానం వాళ్లు ఆగి చూసుకోవలసింది ఇక్కడే. ఇక్కడి కిడ్నీ జబ్బు చాలామందిలో చప్పుడు లేకుండా ముదురుతుంది. వడపోత వేగాన్ని చెప్పే ఈజీఎఫ్ఆర్ 30 కంటే తగ్గితే కాంట్రాస్ట్‌తో ప్రమాదం ఉంటుంది. రక్తపరీక్షలో వచ్చే క్రియాటినిన్ అంకె ఒక్కటే చూసి ధైర్యపడకూడదు. వయసు కలిపి ఈజీఎఫ్ఆర్ లెక్కకట్టమని అడగాలి. అలాగని భయపడి స్కాన్ మానుకోవడమూ సరికాదు. పేగుకు చిల్లు పడిందన్న అనుమానం ఉంటే ప్రాణమే ముందు. పైగా కాంట్రాస్ట్ హాని ఒకప్పుడు అనుకున్నంత ఎక్కువ కాదని ఇప్పుడు వైద్యులు చెబుతున్నారు.

ఎమ్మారైలో రేడియేషన్ ఉండదు. మళ్లీ మళ్లీ స్కాన్ అవసరమయ్యే కుర్రవాళ్లకు అదే నయం. అందులో ఎక్కించే గడోలినియం పాత రకాలు కిడ్నీ బాగా దెబ్బతిన్నవారికి చర్మం గట్టిపడే జబ్బు తెచ్చాయి. కొత్త రకాలతో అది చాలా అరుదు.

నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది రక్తహీనత. డయాలసిస్ రోగికి రక్తం తగ్గితే కిడ్నీ వల్లే అనుకుని వదిలేస్తాం. కానీ వీళ్ల పేగుల్లో ఉబ్బిన సన్న రక్తనాళాల నుంచి రక్తం కారడం మిగతావారికంటే ఎక్కువ. ఒంటినొప్పులకు కొనుక్కునే నొప్పి మాత్రలు కిడ్నీని దెబ్బతీయడంతో పాటు చిన్న పేగులోనూ పుండ్లు చేస్తాయి. ఇలాంటి రక్తనాళాల చదునైన మచ్చలు, చిన్న పుండ్లు సీటీలో చాలాసార్లు తప్పిపోతాయి. గొట్టాలు చేరేచోట ఏమీ దొరకకపోతే క్యాప్సూల్ ఎండోస్కోపీ పనికొస్తుంది. అమెరికాలో 2001లో అనుమతి పొందిన ఈ కెమెరా మాత్రకు కాంట్రాస్ట్ అక్కర్లేదు, కిడ్నీకి భారం లేదు. పేగులో ఇరుకు ఉంటే మాత్రం అక్కడే చిక్కుకుంటుంది. అందుకే టీబీ అనుమానం ఉన్నవారికి ముందు స్కాన్ తీయాలి. పరీక్షకు ముక్క తీయడం కూడా క్యాప్సూల్‌కు చేతకాదు. అందుకు బెలూన్ ఎంటెరోస్కోపీ కావాలి.

పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. కిడ్నీ పరీక్షలు అక్కడ చేయించుకున్నా, పేగు పరీక్షకు విశాఖ వెళ్లేవారు తాజా కిడ్నీ రిపోర్టు, వాడుతున్న మాత్రల పేర్లు వెంట తీసుకెళ్లాలి. పేగు శుభ్రతకు ఇచ్చే మందు ఫాస్ఫేట్ రకమా అని కూడా అడగాలి. అది కిడ్నీని దెబ్బతీయగలదు. పాలీఇథైలిన్ గ్లైకాల్ రకమైతే వారికి మేలు.