బొమ్మ ఎందుకు ఆగి ఆగి కదులుతుంది?

బడి వార్షికోత్సవంలో మీ మిత్రులు వేసిన నాటకాన్ని సెల్‌ఫోనుతో వీడియో తీశారనుకోండి. ఫోనులో అది చక్కగా నడుస్తుంది. దాన్నే కంప్యూటరులోకి ఎక్కించి, అక్కరలేని చోట్ల కత్తిరించి, రంగులు సరిదిద్దబోతే మాత్రం బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. "ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కొంటే సరి!" అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఆ సలహా ఎంతవరకు నిజం? లెక్క వేసి చూద్దాం.

కదిలే బొమ్మ అంటే నిజానికి కదలని బొమ్మల వరస. ఒక్కొక్క బొమ్మను ఫ్రేము అంటారు. ఫుల్ హెచ్‌డీ ఫ్రేములో అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలుంటాయి. హెచ్చవేస్తే 20,73,600 చుక్కలు. ఒక చుక్క రంగు చెప్పడానికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లను తెలిపే మూడు సంఖ్యలు కావాలి. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున, ఒక్క సెకను వీడియోలో 15,55,20,000 సంఖ్యలున్నాయన్న మాట!

వీటన్నిటినీ ఉన్నవి ఉన్నట్టు దాచాలంటే ఫోను ఇట్టే నిండిపోతుంది. అందుకే వీడియోను కుదిస్తారు. 2003లో వెలువడిన హెచ్.264 వంటి పద్ధతుల్లో అప్పుడప్పుడు ఒక ఫ్రేమును పూర్తిగా రాసి, తక్కినవాటిలో మారినదాన్నే రాస్తారు. కిరాణా కొట్టు చిట్టా చూశారా? నెల మొదట్లో నిలవ రాస్తారు. తర్వాత రోజూ వచ్చినదీ, పోయినదీ రాస్తారు. 20వ తేదీ నిలవ తెలియాలంటే 1వ తేదీ నుంచి లెక్క కట్టుకుంటూ రావాలి. వీడియో మధ్యలో ఒక ఫ్రేము కావాలన్నా అంతే. వరసగా చూస్తున్నంతసేపూ చిక్కు లేదు. ఎడిటింగు చేసేటప్పుడు ముందుకూ వెనక్కూ గెంతుతాం కదా! గెంతినప్పుడల్లా మళ్లీ లెక్క కట్టాలి.

రంగులు సరిదిద్దడం వేరే రకం పని. ప్రతి చుక్కకూ ఒకే లెక్క. ఒక చుక్క మరొక చుక్క కోసం ఆగనక్కరలేదు. వరి నాట్లకు ముప్ఫైమంది ఒకేసారి మడిలోకి దిగినట్టు, ఈ పనిని ఎందరికైనా పంచవచ్చు. కంప్యూటరు ముఖ్య ప్రాసెసరులో లెక్కచేసే కేంద్రాలు కొద్దిగానే ఉంటాయి, కాని అవి మహా చురుకైనవి. గ్రాఫిక్స్ ప్రాసెసరులో చిన్న చిన్న కేంద్రాలు వందలు, వేలు ఉంటాయి. ఆటల బొమ్మలు గీయడానికి పుట్టిన ఈ చిప్పుల చేత ఇతర లెక్కలు చేయించే సాధనాలను 2007లో ఎన్‌విడియా సంస్థ విడుదల చేసింది. 2010లో అడోబీ వారి ప్రీమియర్ ప్రో సిఎస్5 వాటిని వీడియో ఎడిటింగుకు వాడుకుంది.

మరి చిట్టా లెక్క మాటేమిటి? నిన్నటి నిలవ తేలనిదే నేటిది తేలదు. అక్కడ వేలమంది కూలీలు చేరినా పెద్దగా ప్రయోజనం లేదు. అందుకని కుదించిన వీడియోను విప్పడానికే ఒక ప్రత్యేక విభాగాన్ని చిప్పులో అమరుస్తారు. ఇంటెల్ సంస్థ 2011లో క్విక్ సింక్ పేరుతో దీన్ని తన ప్రాసెసర్లలోనే పెట్టింది. అయితే ఈ విభాగానికి కొన్ని పద్ధతులు మాత్రమే తెలుసు. మీ వీడియో పద్ధతి తెలియకపోతే, కార్డు ఎంత ఖరీదైనదైనా భారమంతా ముఖ్య ప్రాసెసరు మీదే పడుతుంది.

కనుక ఇంట్లో వాళ్ల చేత డబ్బు ఖర్చు పెట్టించేముందు ఒక పరీక్ష చేయండి. రంగుల మార్పులన్నీ తీసేసి వీడియోను నడపండి. అప్పుడు సాఫీగా నడిస్తే భారం చుక్కల లెక్కలది. మంచి గ్రాఫిక్స్ కార్డు అక్కడ ఉపయోగపడుతుంది. అప్పటికీ ఆగుతూ ఉంటే చిక్కు చాలావరకు విప్పడంలోనే ఉంది. దానికి ఖర్చులేని ఉపాయం ఒకటుంది. వీడియోకు చిన్న సైజులో, ప్రతి ఫ్రేమునూ పూర్తిగా రాసిన నకలు తయారుచేసుకోవడమే. దీన్ని ప్రాక్సీ అంటారు. కత్తిరింపులన్నీ నకలు మీద చేసుకుంటే, చివరికి కంప్యూటరు అవే మార్పులను అసలు వీడియోకు చేస్తుంది. పాత కంప్యూటరు మీద కూడా మీ నాటకం పూర్తవుతుంది!