గీజర్ సల్లబడ్డదా? ముందు అర్తింగ్ చూడుర్రి

డిసెంబర్ వచ్చిందంటే చేవెళ్ల, మొయినాబాద్ దిక్కు ఇగం పెడ్తది. సిమెంటు తక్కువ, పొలాలు ఎక్కువ కాబట్టి పట్నం నడిమిట్ల కంటే ఇక్కడ రాత్రి సలి జర ఎక్కువే. గదులు వెచ్చగ చేసే మిషన్లు మన ఇండ్లల్ల లేవు, వాటి అవసరం కూడా లేదు. మనకు సలికాలం వేడి అంటే తానానికి ఉడుకు నీళ్లే. ఒకప్పుడు వాకిట్ల కట్టెల పొయ్యి మీద కాగు ఉండేది. ఇప్పుడు గోడకు గీజర్, లేకపోతే బకెట్ల హీటర్ రాడ్, పైసలున్నోళ్ల మిద్దె మీద సోలార్. కాగు ఏనాడూ మొరాయించలే. ఇవి మాత్రం సరిగ్గ అక్కరకొచ్చే నెలల్లనే మొండికేస్తయి.

చానాసార్లు గీజర్ కరాబే కాదు. లెక్క చూడుర్రి. ఎండాకాలంల ట్యాంకు నీళ్లే 30 డిగ్రీలు ఉంటయి. 15 లీటర్లను 50 డిగ్రీలకు తెచ్చేందుకు 2000 వాట్ల గీజర్‌కు పది పదకొండు నిమిషాలు చాలు. సలికాలం పొద్దుగాల అవే నీళ్లు 20 డిగ్రీలకు పడిపోతే పదహారు నిమిషాలు పడ్తది. దీనికి లో-వోల్టేజీ తోడైతే ఇగ చెప్పొద్దు. 230 వోల్టులు ఉండాల్సిన కాడ 180 వస్తే, 2000 వాట్ల గీజర్ 1200 వాట్ల పనే చేస్తది. వోల్టేజీ ఐదో వంతు కంటే జర ఎక్కువ తగ్గితే, వేడి నలభై శాతం దాకా పోతదన్నట్టు. అప్పుడు అదే పనికి 26 నిమిషాలు. పది నిమిషాలు చూసి బంద్ చేసి, 'గీజర్ పోయింది' అని కొత్తది కొనేటోళ్లను నేను చూసిన.

పొద్దుగాల ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకా ఊరంత ఒక్కసారే గీజర్లు ఏస్తరు. పొలాల మోటార్లు కూడా అప్పుడే నడుస్తయి. ఫామ్‌హౌసోళ్లు పైసలు కట్టి సొంతంగ ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చుకుంటరు, బస్తీకి మాత్రం పాతదే దిక్కు. ఇది మెకానిక్ బాగుజేసే కరాబు కాదు. నలుగురు కలిసి 1912కు ఫోన్ చేసి, వోల్టేజీ ఎంతుందో, ఏ టైముల పడిపోతున్నదో రాసిచ్చి అడగాల్సిన ముచ్చట.

వోల్టేజీ మంచిగనే ఉండి నీళ్లు కాగకపోతే గీజర్ లైట్లు చూడుర్రి. కరెంటు లైటు ఎలిగి, వేడి లైటు ఎలుగకుంటే థర్మోస్టాట్ గాని, దాని పక్కన ఎక్కువ వేడికి కట్ చేసే కటౌట్ గాని ఆగినట్టు. వేడి లైటు ఎలిగీ నీళ్లు సల్లగనే ఉంటే లోపలి రాడ్ కాలిపోయినట్టు. నల్లా సన్నగ కారుతుంటే సున్నం పట్టినట్టు. మన దిక్కు రాతి నేల. భగీరథ నీళ్లు తాగుడుకు, వంటకు పోను తానానికి చానా ఇండ్లల్ల బోరు నీళ్లే. ఆ నీళ్లల్ల కరిగున్న సున్నం వేడి తగులంగనే విడిపోయి రాడ్‌కు పెంకు కడ్తది. గిన్నె అడుగున తెల్లగ పేరుకునేది ఇదే. పెంకు మందమైనకొద్దీ వేడి నీళ్లల్లకు పోక, రాడ్ లోపలే మరిగి పగుల్తది. గీజర్ల చిటపటమని సప్పుడొస్తున్నదంటే పెంకు కట్టిందనే అనుకోవాలె. ఏడాదికొక్కసారి, దసరా పోంగనే రాడ్ తీపిచ్చి గీకిపియ్యాలె. లోపలుండే మెగ్నీషియం కడ్డీ అరిగిపోతే మార్పియ్యాలె, అది లేకుంటే ట్యాంకే తుప్పు పడ్తది.

అసలు భయం ఆ పగిలిన రాడ్ తోనే. పగులు నుంచి కరెంటు నీళ్లల్లకు, గీజర్ ఒంటికి దిగుతది. మూడో పిన్నుకు అర్తింగ్ ఉంటే ఆ కరెంటు భూమిలకు పోతది. లేకుంటే తడి ఒంటితోని నల్లా పట్టినోని మీదికెల్లి పోతది. పాత ఇండ్లల్ల మూడు రంధ్రాల సాకెట్ ఉంటది, వెనుక మూడో వైరే ఉండదు. కొందరు పనోళ్లు ఆ రంధ్రాన్ని న్యూట్రల్‌కు కలిపి పైసలు తీసుకొని పోతరు. ఇది లేనిదాని కంటే అన్యాయం. న్యూట్రల్ ఎక్కడన్న తెగిందంటే గీజర్ ఒళ్లంత కరెంటే. అర్తింగ్ గుంత ఉన్నా వానలు పోయినంక ఆ రాతి నేల ఎండి పనిచేయదు, అప్పుడప్పుడు బకెటెడు నీళ్లు పొయ్యాలె.

'ఎంసీబీ ఉన్నది గదా' అంటరు. ఎంసీబీ వైరును కాపాడ్తది, మనిషిని కాదు. అది 16 ఆంపియర్లు దాటితే పడ్తది. మనిషి పానం తీసేందుకు ఆంపియర్ల పదో వంతు చాలు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. 30 మిల్లీ ఆంపియర్లు పక్కకు పోయినా రెప్పపాటుల కట్ చేస్తది. గ్రానైట్ బండలకు లక్షలు పెడ్తరు గని, ఇంటికి ఒక్క ఆర్‌సీసీబీ పెట్టమంటే మాత్రం ఆలోచిస్తరు. పెట్టినోళ్లు నెలకొకసారి దాని మీదున్న టెస్ట్ బటన్ ఒత్తి చూడుర్రి. పూలతోటలల్ల, కోళ్లఫారాలల్ల రేకుల గదులల్ల ఉండే కూలోళ్లకు గీజర్ ఉండదు, హీటర్ రాడే. స్విచ్ బంద్ చేసి, ప్లగ్గు పీకినంకనే నీళ్లల్ల వేలు పెట్టాలె. ఈ ఒక్క మాట ఆ గదుల గోడల మీద రాయించాల్సింది యజమానులు.

ఇగ సోలార్. మే రెండో వారంల మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నెత్తి మీదనే ఉంటడు. డిసెంబర్‌ల దక్షిణానికి వంగి, మధ్యాహ్నం కూడా 50 డిగ్రీల ఎత్తు దాటడు. ఎండాకాలంల అడ్డం గాని పిట్టగోడ, నీళ్ల ట్యాంకు, పక్కింటి అంతస్తు ఇప్పుడు గొట్టాల మీద నీడేస్తయి. దానికి తోడు రోడ్డు దుమ్ము. గాజుగొట్టం కింది మొన వెండి లెక్క మెరుస్తుంటే మంచిగున్నట్టు, పాల లెక్క తెల్లబడితే లోపలి వాక్యూమ్ పోయినట్టు. ఆ గొట్టం ఇగ వేడి ఆపదు. ఖాళీ గొట్టాలు ఎండకు కాలినంక సల్ల నీళ్లు ఇడిస్తే టప్పున పగుల్తయి. తెల్లారక ముందో, పొద్దు మునిగినంకనో నింపాలె. ఒక్క గొట్టం పగిలినా నీళ్లన్నీ కారిపోయి మొత్తం సోలారే బంద్.

సర్కారు హాస్టళ్ల మిద్దెలెక్కి చూడుర్రి. ఇట్ల ఒకటి రెండు గొట్టాలు పలిగి పడావు పడ్డ సోలార్లు కనపడ్తయి. కింద పిల్లలు ఇగంల సల్ల నీళ్లతోని తానం చేస్తుంటరు. కొనేటప్పుడు టెండర్ ఉంటది, బాగుజేసేందుకు మాత్రం ఎవలి పద్దుల పైసలుండవు. తల్లిదండ్రుల మీటింగుకు పోయినప్పుడు ఆ మిద్దె చూపియ్యమని అడుగుర్రి. తెల్లబడ్డయి ఎన్ని, పలిగినయి ఎన్ని లెక్కబెట్టి, తారీఖు ఏసి, కాయితం మీద రాసి వార్డెన్‌కు ఒకటి, కలెక్టరాఫీసు ప్రజావాణిల ఒకటి ఇయ్యుర్రి. రెండింటికీ రసీదు తీసుకోవుడు మరువకుర్రి.