చాబీ ఇస్తే చాలు... నడుస్తుంది!

బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో గానుగ ఆగిపోయింది. హైదరాబాద్‌లో ఆల్విన్ వాచీల తయారీ ఎప్పుడో ముగిసింది. హెచ్.ఎం.టి. వాచీల కంపెనీకి కేంద్రమే తాళం వేసింది. కానీ ఆ రోజుల్లో కొన్న వాచీలు మాత్రం ఇందూరు ఇళ్ళల్లో, బీరువా సొరుగుల్లో ఇంకా ఉన్నాయి. తీసి నాలుగుసార్లు చాబీ తిప్పితే... వాటిలో కొన్ని ఇప్పటికీ టిక్ టిక్‌మంటాయి!

సెల్‌ఫోన్ చూసి టైము చెప్పే ఈ రోజుల్లో ఈ పాత వాచీలతో పనేంటి అనుకోవచ్చు. కానీ వాటిని వెతికి పట్టుకుని, బాగుచేయించి, రోజుకొకటి పెట్టుకునేవాళ్ళు దేశమంతటా పెరుగుతున్నారు. వాళ్ళు వెతికేది లక్షల ఖరీదు చేసే స్విస్ వాచీల కోసమే కాదు. తాతలు, నాన్నలు రోజూ పెట్టుకున్న మామూలు వాచీల కోసం కూడా. అలాంటి వాచీలకు నిజామాబాద్, బోధన్ ప్రాంతాల్లో పెద్ద కథే ఉంది.

చెరుకు నేర్పిన గంటల లెక్క

మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. నీళ్ళొచ్చాయి, నల్లరేగడిలో చెరుకు పెరిగింది. 1937లో బోధన్ పక్కనే శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరు పొందింది.

అంతవరకూ పొద్దు చూసి పనిచేసిన పల్లెలకు గంటలతో పని పడింది. వరి నాలుగు రోజులు ఆగినా ఫర్వాలేదు. చెరుకు అలా కాదు. కోసిన దగ్గర్నుంచి గంటలు గడిచేకొద్దీ గడలో తీపి తగ్గిపోతుంది. ఏ రోజు కొయ్యాలి, ఏ వేళకు బండి కాటా దగ్గరికి చేరాలి అన్నది ముఖ్యం. సీజను మొదలైతే ఫ్యాక్టరీ రాత్రీ పగలూ నడవాల్సిందే. కార్మికులకు మూడు షిఫ్టులు. అర్ధరాత్రి డ్యూటీకి వెళ్ళేవాడికి సూర్యుడెలా టైము చెబుతాడు? అందుకే ఇక్కడ చేతి గడియారం షోకు మాత్రమే కాదు, పనిముట్టు కూడా.

వాచీ, సైకిలు, రేడియో

మొదట్లో చేతి వాచీ అంటే విదేశీ సరుకే. వెస్ట్ ఎండ్, ఫావ్రె ల్యూబా, రోమర్... ఇవన్నీ స్విట్జర్లాండ్‌వి. పెద్ద ఆసాములు, ఆఫీసర్ల చేతులకే కనిపించేవి. ఆ గీత చెరిపేసింది హెచ్.ఎం.టి. జపాన్‌కు చెందిన సిటిజన్ కంపెనీ సాంకేతిక సాయంతో 1961లో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. తొలి వాచీలను ప్రధాని నెహ్రూ విడుదల చేశారు. ఆ తర్వాత తుంకూరు, శ్రీనగర్, రాణీబాగ్‌లలోనూ ఫ్యాక్టరీలు వచ్చాయి. మొత్తం మీద పది కోట్లకు పైగా వాచీలు తయారయ్యాయి.

వాటి పేర్లు చూడండి... జనత, జవాన్, పైలట్, సోనా, కోహినూర్, కాంచన్, తరుణ్, కాజల్! ఇంట్లో పిల్లల పేర్లలా ఉంటాయి. జనత పేరుకు తగ్గట్టే అందరి వాచీ. సోనా పల్చగా, బంగారు రంగులో ఉండేది. ఇక కాంచన్‌కు పెళ్ళిళ్ళ సీజనులో ఎక్కడలేని గిరాకీ. అసలు ధర కన్నా ఎక్కువిచ్చి కొన్నవాళ్ళూ ఉన్నారు. ఎందుకంటే పెళ్ళికొడుకుకి వాచీ, సైకిలు, రేడియో పెట్టకపోతే అప్పట్లో పెళ్ళి మాటలు ముందుకు సాగేవి కావు. విచిత్రమేమంటే, వరకట్న నిషేధ చట్టం వచ్చిందీ 1961లోనే! ఇవాళ ఆ వాచీని ముచ్చటగా చూసుకుంటున్నాం. కానీ దాని కోసం చెరుకు బిల్లు మీద ముందే అప్పు తెచ్చిన మామగారి సంగతీ మరచిపోకూడదు.

మన ఆల్విన్... దుబాయ్ సీకో

బెంగళూరు వాచీ సరే, మన దగ్గర తయారవలేదా? అయింది. నిజాం ప్రభుత్వం 1929లో ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ ఏర్పాటు చేసింది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి అండగా నిలిచిన ఆ నిధే 1942లో మొదలైన ఆల్విన్‌కూ పెట్టుబడి పెట్టింది. అంటే ఇవి రెండూ ఒక తల్లి బిడ్డల్లాంటివే. బస్సు బాడీలు, బీరువాలు, ఫ్రిజ్‌లు చేసిన ఆల్విన్ 1980ల మొదట్లో జపాన్‌కు చెందిన సీకోతో చేతులు కలిపి వాచీల్లోకి దిగింది. ‘ఆల్విన్ ట్రెండీ’ ప్రకటనలు ఆనాటి కుర్రకారుకు బాగా గుర్తు. 1990లలో నష్టాలతో కంపెనీ ముక్కలైంది. ఇప్పుడా పేరు హైదరాబాద్‌లో కాలనీకి, చౌరస్తాకు మిగిలింది. అందుకే డయల్ మీద ఆల్విన్ అని ఉన్న వాచీ దొరికితే తెలుగువాళ్ళు వదలకూడదంటారు తెలిసినవాళ్ళు.

ఈ ప్రాంతానికి మరో దారిలోనూ వాచీలొచ్చాయి. 1970లలో చమురు డబ్బుతో గల్ఫ్ దేశాల్లో పనులు పెరిగాయి. నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల నుంచి వేలమంది దుబాయ్, మస్కట్ బాట పట్టారు. సెలవుపై ఊరికొచ్చినప్పుడు పెట్టెలో సెంటు సీసా, టేప్‌రికార్డర్‌తో పాటు తమ్ముడికో బావమరిదికో ఓ వాచీ తెచ్చేవారు. సీకో 5 అయితే చాబీతో పనిలేదు, చెయ్యి కదిలితే చాలు. నీళ్ళలో తడిసినా ఫర్వాలేదనిపించే నల్ల క్యాసియో ఎఫ్-91డబ్ల్యూ 1989లో వచ్చింది. ఎడారి ఎండలో పనిచేసిన డబ్బుతో కొన్నవి కాబట్టి వాటి వెల రసీదు మీద రాసినంతే కాదు.

రోజుకు 4,32,000 సార్లు!

సీకోనే 1969లో మొదటి క్వార్ట్జ్ చేతి వాచీని మార్కెట్లోకి తెచ్చింది. ఇప్పటి క్వార్ట్జ్ వాచీల్లో బ్యాటరీ కరెంటుతో చిన్న స్ఫటికం సాధారణంగా సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. టైము తప్పదు, చాబీ అక్కర్లేదు. మనదేశంలో 1987 నుంచి టైటాన్ ఆ వాచీలను ఊరూరా పరిచయం చేసింది. చాబీ వాచీలు వెనకబడ్డాయి. హెచ్.ఎం.టి. వాచీల కంపెనీ మూసివేతకు 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అంతకు కొద్దిరోజుల ముందే, 2015 డిసెంబరులో, బోధన్ ఫ్యాక్టరీకి లేఆఫ్ ప్రకటించారు. చెరుకు కాటాకు, షిఫ్టుకు టైము చూపిన వాచీ, ఆ టైముతో పనిచేసిన ఫ్యాక్టరీ... రెండూ ఒక్క శీతకాలంలోనే ఆగాయి.

మరి కంపెనీ పోయినా వాచీ ఎలా నడుస్తోంది? దాని పనితనం అలాంటిది. చాబీ తిప్పితే లోపల స్ప్రింగు చుట్టుకుంటుంది. అది మెల్లగా విప్పుకుంటూ పళ్ళ చక్రాలను తిప్పుతుంది. బ్యాలన్స్ చక్రం అటూ ఇటూ ఊగుతూ ఆ వేగాన్ని అదుపులో ఉంచుతుంది. జనత వాచీలో ఈ టిక్‌లు గంటకు 18,000. అంటే సెకనుకు ఐదు, రోజుకు 4,32,000! డయల్ మీద ‘17 జువెల్స్’ అని ఉంటుంది కదా, అవి అమ్ముకునే రత్నాలు కావు. రాపిడికి చక్రాల ఇరుసులు అరిగిపోకుండా అమర్చిన కృత్రిమ కెంపులు. చిప్ కాలిపోయిన పరికరాన్ని పారేయాల్సిందే. ఇందులో చక్రం విరిగితే ఇంకో పాత వాచీ నుంచి తీసి వేయొచ్చు.

సొరుగులో ఉంటే ఏం చెయ్యాలి?

- ఏళ్ళ తరబడి ఆగిన వాచీకి గట్టిగా చాబీ తిప్పొద్దు. లోపల నూనె ఎండి జిగురుగా మారుతుంది. ముందు సర్వీసింగ్ చేయించాలి. తర్వాత మూడు నుంచి ఐదేళ్ళకోసారి చాలు.

- రోజూ ఉదయం ఒకే వేళకు, చేతి నుంచి తీసి చాబీ ఇవ్వాలి. బిగుతు తగలగానే ఆపేయాలి.

- తేదీ చూపే వాచీ అయితే రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము మూడు వరకు తేదీ మార్చొద్దు. లోపల పళ్ళు దెబ్బతింటాయి.

- స్పీకర్లు, అయస్కాంతాలకు దూరంగా ఉంచాలి. నీళ్ళు తగలనివ్వొద్దు. రోజుకు అర నిమిషం ముందో వెనకో అయితే కంగారక్కర్లేదు.

- ప్లాస్టిక్ అద్దం మీది సన్నటి గీతలను టూత్‌పేస్టుతో మెల్లగా రుద్దితే పోతాయి. డయల్‌కు మాత్రం రంగు వేయించొద్దు. వయసు మరకలతో ఉన్న అసలు డయల్‌కే విలువ.

కొనేవాళ్ళకూ ఓ జాగ్రత్త. పాత యంత్రానికి కొత్తగా రంగులు పూసిన డయల్ అతికించి ‘అసలు పైలట్’ అంటూ అమ్మేవాళ్ళు చాలామందే ఉన్నారు. యాభై ఏళ్ళ వాచీ కొత్త పెళ్ళికూతురిలా మెరుస్తుంటే అనుమానించాలి. అక్షరాలు వంకరగా ఉన్నాయా చూడాలి. వెనక మూత తీయించి లోపలి యంత్రం మీద కంపెనీ గుర్తుందో లేదో గమనించాలి. బెంగళూరు వెళ్ళినప్పుడు జాలహళ్ళిలోని హెచ్.ఎం.టి. హెరిటేజ్ సెంటర్ చూస్తే ఏ మోడల్ ఎలా ఉంటుందో కళ్ళకు అలవాటవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన చిక్కు వేరే ఉంది. వాచీలు దొరుకుతాయి, బాగుచేసే చేతులే తగ్గిపోతున్నాయి. కంటికి భూతద్దం పెట్టుకుని, వెంట్రుకంత స్ప్రింగును పట్టకారుతో సరిచేసే పని ఒక్క నెలలో వచ్చేది కాదు. బ్యాటరీలు, బెల్టులు మార్చుకుంటూ దుకాణం నెట్టుకొస్తున్న పెద్దల దగ్గర కూర్చుని నేర్చుకునే పిల్లలు అరుదు. పాత వాచీని ఇలాంటివాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి, అడిగిన సర్వీసింగ్ చార్జీ బేరమాడకుండా ఇస్తే అది రెండు విధాలా లాభం. ఒక వాచీ నడుస్తుంది, ఒక విద్య నిలుస్తుంది.

ఈ ఆదివారం బీరువా సొరుగు ఓసారి వెతకండి. వాచీ కనిపిస్తే ఎవరిది, ఎప్పుడు కొన్నారు, ఎంతకు కొన్నారు... ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి ఓ కాగితం మీద రాసి దాని పక్కనే పెట్టండి. వాచీని బాగుచేసే మనిషి ఎక్కడో ఒకచోట దొరకొచ్చు. ఆ కథ చెప్పే మనిషి మళ్ళీ దొరకరు.