పాయింట్ 22కి మిలిటరీ వేషం

5.66 మిల్లీమీటర్లు, 5.69 మిల్లీమీటర్లు. మొదటిది అమెరికాలో పిల్లలకు గురి నేర్పడానికి వాడే పాయింట్ 22 రిమ్‌ఫైర్ తూటా వ్యాసం. రెండోది ఆ దేశపు సైన్యం ఎం-4 కార్బైన్‌లో నింపే తూటాది. మధ్యలో వెంట్రుకవాసి తేడా కూడా లేదు. ఇక వేగం చూడండి. పాయింట్ 22 తూటా బరువు 2.6 గ్రాములు, సెకనుకు సుమారు 365 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. సైనిక తూటా 4 గ్రాములు, వేగం 940 మీటర్లు. శక్తి లెక్కగడితే మొదటిది 170 జౌళ్ల చిల్లర, రెండోది 1,750 పైమాటే. పది రెట్లు!

కారణం తోక దగ్గరుంది. రిమ్‌ఫైర్ తూటాలో నిప్పు రాజేసే మందు గుల్ల అడుగు అంచు మడతలో ఉంటుంది. సూది ఆ అంచును నలిపితేనే పేలుతుంది. నలగాలంటే రేకు పల్చగా ఉండాలి, పల్చటి రేకు ఎక్కువ ఒత్తిడికి ఆగదు. అందుకే దీనికి గరిష్ఠ పరిమితి చదరపు అంగుళానికి 24,000 పౌండ్లు. సైనిక తూటాకు పౌర రూపమైన పాయింట్ 223 రెమింగ్టన్‌కు అది 55,000. తుపాకీ పైన ఏం తొడిగినా ఈ అంకె కదలదు.

పాయింట్ 22కి మిలిటరీ రూపు తెచ్చే ఈ తొడుగుల వ్యాపారానికి ఇరుసు రూగర్ 10/22 రైఫిల్. 1964లో వచ్చింది, ఇప్పటికి 50 లక్షలకు పైగా అమ్ముడైంది. పేరులోని 10 మేగజైన్‌లో పట్టే తూటాల సంఖ్య. బ్యారెల్ పొడవు 18.5 అంగుళాలు. చెక్క బట్‌ను పట్టి ఉంచేది అడుగున ఒక్క స్క్రూ, ముందు ఒక బ్యాండు. అవి ఊడదీస్తే యంత్రమంతా చేతిలోకి వచ్చేస్తుంది. దాన్ని పిస్టల్ గ్రిప్, జరిపే బట్, చిల్లుల తొడుగు ఉన్న ప్లాస్టిక్ ఒంట్లో కూర్చోబెడితే దూరం నుంచి మిలిటరీ పోలికున్న ఏఆర్-15 రైఫిల్ అనుకుంటారు. రెండో ప్రపంచ యుద్ధపు ఎం-1 కార్బైన్ పోలిక కావాలంటే అంత శ్రమా అక్కర్లేదు. ఆ తుపాకీ బ్యారెల్ 18 అంగుళాలు, కాబట్టి బట్ మారిస్తే చాలావరకు పని అయిపోయినట్టే. ఈ మోజును కంపెనీలూ పసిగట్టాయి. 2009లో రూగర్ ఎస్ఆర్-22 రైఫిల్‌ను, స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పీ 15-22ను ఏకంగా మిలిటరీ వేషంతోనే దించాయి.

దసరా పులివేషగాడికి చారలూ తోకా ఉన్నా కాటు మనిషిదే. అలాగని ఈ తూటాను తేలిగ్గా తీసుకుంటే పొరపాటు. 1968లో రాబర్ట్ కెనెడీని చంపింది, 1981లో రీగన్ ఊపిరితిత్తిలో దిగింది పాయింట్ 22లే.

వేషం మీద చట్టాల లెక్కలు మాత్రం ఒక్క తీరుగా లేవు. 1994లో అమెరికా సమాఖ్య చట్టం ఐదు లక్షణాల జాబితా రాసింది: మడత లేదా జరిపే బట్, పిస్టల్ గ్రిప్, బయొనెట్ కొక్కెం, మంటను కప్పే మూతి, గ్రెనేడ్ లాంచర్. మేగజైన్ ఊడివచ్చే సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కు వీటిలో రెండుంటే నిషేధం. మినహాయింపు పొందిన తుపాకుల పట్టికలో రూగర్ 10/22 పేరుంది, పక్కనే ‘మడత బట్ లేకుండా’ అన్న షరతూ ఉంది! ఆ చట్టం 2004లో గడువు తీరి పోయింది. రాష్ట్రాలు తమ లెక్క తాము రాసుకున్నాయి. కాలిఫోర్నియాలో 2000 నుంచి ఒక్క లక్షణమున్నా నిషేధమే, కానీ అది నిప్పు రాజేసే మందు గుల్ల అడుగు మధ్యన ఉండే సెంటర్‌ఫైర్ రైఫిళ్లకే. న్యూయార్క్‌లో 2013 నుంచి ఒక్క లక్షణం చాలు, రిమ్‌ఫైర్‌నూ వదల్లేదు. అంటే అదే పిస్టల్ గ్రిప్ ఒక తీరాన అలంకారం, ఇంకో తీరాన నేరం. బ్రిటన్ దారి వేరు. 1988లో సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లను నిషేధించి పాయింట్ 22 రిమ్‌ఫైర్‌ను మాత్రం వదిలింది. రూపం కాదు, తూటాను కొలిచింది. నా దృష్టిలో సూటైన లెక్క అదే.

రూపానికి అసలు విలువే లేదనీ అనలేం. బొమ్మ తుపాకీ మూతికి నారింజ రంగు వంటి గుర్తు ఉండాలని అమెరికా 1988లో చట్టం చేసింది. నిజమైన పాయింట్ 22కి అలాంటి గుర్తేమీ అక్కర్లేదు. ఎదురుగా నిలబడ్డ పోలీసుకు 170 జౌళ్లా, 1,750 జౌళ్లా అని తేల్చుకునే తీరిక ఉండదు. వేషం కట్టిన తుపాకీని కవర్‌లో పెట్టి షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లడం మర్యాద కోసం కాదు, ప్రాణం కోసం.

మన దేశంలో ఈ సరదాకు చోటు తక్కువ. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ తుపాకీని మార్చడానికి, 6వ సెక్షన్ బ్యారెల్ కురచ చేయడానికి లైసెన్సు అడుగుతాయి. ఇక్కడ పాయింట్ 22 అంటే పోటీల తుపాకీ. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్ కాంస్యం గెలిచింది ఈ తూటాతోనే.

అమెరికాలో ఉన్న మన పిల్లలు గుర్తుంచుకోవాల్సిన మాట ఒకటుంది. హెచ్-1బీ, ఎఫ్-1 వంటి వీసాల మీద ఉన్నవారు వేట లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం 1998 నుంచి సమాఖ్య నేరం. పాయింట్ 22 కదా అని వదలరు. 2022 సవరణ తర్వాత శిక్ష 15 ఏళ్ల దాకా పడవచ్చు.