వానకాలపు అడవి మకాము

గోదావరిఖనిలో కాపురముండు మాకు వానకాలమనిన ముంగిట నల్లనినీరు పారుటయే. ఆ నీటిని జూచి, బొగ్గు ఎట్లు పుట్టినదని మా పిల్లలడిగిరి. 25 కోట్ల సంవత్సరములకు పూర్వము గోదావరిలోయలో పెరిగి, పల్లపునేలలలో నీటమునిగి, మట్టిచే గప్పబడిన చెట్టుచేమలే ఈ బొగ్గని మావారు చెప్పిరి. “అయితే బ్రతికియున్న యడవిని వానలో చూపుడు” అని పిల్లలు పట్టుబట్టిరి.

అందుచే శ్రావణమాసమున రెండురాత్రుల మకామునకై మంథని, కాటారము, భూపాలపల్లి మీదుగా ములుగుజిల్లాలోని తాడ్వాయి వైపు బయలుదేరితిమి. ఇచ్చటి యడవులు పడమటికనుమల నట్టడవులవలె ఏడాదిపొడుగునను పచ్చగానుండునవి కావు. టేకు, మద్ది, తునికి మున్నగు చెట్లు ఎండలకు ఆకురాల్చి, వానలతో నిండుదనము పొందును. కావున వానకాలమే వాని వైభవకాలము.

అభయారణ్యమున అనుమతి లేక మకాము చేయరాదు. అందువలన ఒక గూడెము పొలిమేరలో రైతునడిగి, ఆయన చేనిప్రక్క దిగితిమి. చెంతనే చిన్నవాగు, దాని యొడ్డున తెల్లని యిసుక. గుడారమచ్చటనే వేయుదమని మావారును పిల్లలును ఉబలాటపడిరి. మాకు మనసొప్పలేదు. కిష్కింధాకాండమున శ్రీరాముడు వానలు వెలియువరకు ఉండుటకై ప్రస్రవణగిరిపై గుహనెంచుకొనుచు, నేలవాలు ఎటున్నదో, గాలి కొట్టునో లేదో లక్ష్మణునితో ఆలోచించుట జ్ఞప్తికి వచ్చెను. అయినను, పదిమందికి పాఠముచెప్పువారికి మేమేమి చెప్పగలమని యూరకుంటిమి.

అంతలో పశువులను తోలుకొనిపోవుచున్న ఒక ముసలమ్మ నిలిచి, “ఏందమ్మా, ఈ ఇసుకల పిల్లల్ని పండవెడ్తవా? ఈడ చుక్క రాలకున్నా, పైన గుట్టలమీద వాన గొడితె వాగొస్తది” అనెను. అప్పటికి మాకు నోరు పెగిలెను. “అవ్వ చెప్పినది నిజము. మిట్టమీదికి పోదము” అంటిమి. మావారు విసుగుకొనుచునే మేకులు పెరికిరి. మిట్టమీద, పెద్దచెట్లకు ఎడముగా గుడారము వేసి, చుట్టును జానెడులోతు కాలువ త్రవ్వితిమి.

ఆ రాత్రి మాపై కురిసినది జల్లుమాత్రమే. నాల్గవజామున వాగుహోరునకు మేల్కంటిమి. తెల్లవారి చూడగా ఇసుక లేదు. దానిపై మొలలోతు ఎర్రనీరు పరుగిడుచుండెను. మావారు చాలసేపు మాటాడలేదు. పిమ్మట, “మీ అమ్మనే ముందడుగవలసినది” అని పిల్లలతో ననిరి. కాని తప్పు మాదియు గలదు. ఆ ముసలమ్మ రాకుండినచో మేము మాటాడకయే యుందుము.

ఇది వట్టిభయము కాదు. 2023 జూలై నెలాఖరున ఈ ములుగుజిల్లాలోనే లక్ష్మీదేవిపేటయందు 24 గంటలలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసెను. ఆ దినములలోనే జంపన్నవాగు పొంగి, కొండాయి గ్రామమున పలువురు ప్రాణములు గోల్పోయిరి. ముత్యాలధార జలపాతము చూడబోయినవారు వాగుదాటలేక అడవిలో చిక్కుకొనగా, రక్షకదళమువారు పోయి తీసికొనివచ్చిరి. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారముల నడుమ పెనుగాలికి వేలకొలది చెట్లు కూలెను.

కావున అడవికి పోవలదని మేమనము, తప్పక పొండు. అగ్గిపెట్టెను బిగుతుమూత డబ్బాలో నుంచుడు. తడిసినకట్టె అంటుకొనదు గనుక చిన్న గ్యాసుపొయ్యి తీసికొనుడు. నీరు కాచి త్రాగుడు. దోమతెర మరువకుడు. ఒక జత పొడిబట్టలను పడుకొనుటకై విడిగా దాచుడు. ఉరుములు వినవచ్చిన చెట్టుక్రింద నిలువకుడు. అన్నిటికంటె ముందు, గుడారమెచ్చట వేయవలెనో ఆ యూరివారి నడుగుడు.

రెండవరాత్రి మబ్బు విడిచెను. చేనిగట్టు పొడుగునను మిణుగురులు మెరయుచుండ, పిల్లలు వానిని లెక్కించుచునే నిద్రించిరి. పిల్లల మంచిచెడ్డలు చూచుకొను తల్లికి నేలవాలును నీటిజాడయు తెలియవా? తోచినమాటను తోచినప్పుడే చెప్పుడు. ప్రతిచోటను మనకు ఒక ముసలమ్మ ఎదురుపడదు గదా!